తీపి తెలియని అరగంట

ఆ రోజుల్లో ఎమ్మెస్సీ పాసైన ప్రతి పిల్లకీ ఒక నమ్మకం ఉండేది. లోకం ఏదో ఒక పెద్ద రోగాన్ని తన కోసమే అట్టేపెట్టి ఉంచిందనీ, తాను వెళ్లి నయం చేయడమే తరువాయి అనీ. మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు గానీ నాకు మాత్రం ఉండేది. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు, పన్నెండు పదమూడేళ్ల కిందటి మాట. నాన్నగారి ఉద్యోగం బదిలీ మీద మేం కోస్తా నుంచి వచ్చి, మేడ్చల్‌లో కొత్తగా వెలసిన కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం. (కాలనీ పేరులో వనం ఉంది గానీ, లోపల చెట్టనేది మా వీధి చివరి తుమ్మచెట్టొక్కటే.) నాకు శామీర్‌పేట దాటాక ఒక చిన్న ల్యాబులో కొలువు దొరికింది. పనేమిటంటే, నాటువైద్యంలో పాముకాటుకు వాడే ఆకులూ వేర్లూ తెచ్చి, వాటి సారం తీసి, అందులో ఉన్న పదార్థాలు నిజంగా పాము విషాన్ని ఆపుతాయో లేదో చూడటం. ఇంట్లో మాత్రం "మొక్కల మీద పరిశోధన" అని చెప్పాను. మా అమ్మ ముందు పాము అనే మాటే ఎత్తకూడదు, పురుగు అనాలి. అలాంటి అమ్మకు నేను రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పురుగు విషం దగ్గరికి వెళుతున్నానని తెలిస్తే ఉద్యోగం ఆ పూటతోనే సరి. కాబట్టి అమ్మకు తెలిసిందల్లా కూతురు మొక్కల దగ్గర పనిచేస్తుందని. అందుకే వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, "వచ్చేటప్పుడు కాస్త కరివేపాకు పట్రావే" అనేది.

నిజానికి మా ల్యాబులో పాములేవీ ఉండేవి కావు. ఒక చిన్న సీసాలో పసుప్పచ్చని పొడి ఉండేది, అంతే. అదే నాగుపాము విషం, ఎండబెట్టినది. ఫ్రిజ్‌కి తాళం, తాళంచెవి మా పెద్దసార్ జేబులో. ఆ విషాన్ని నలకంత తీసి, నీళ్లలో కలిపి, గాజు గొట్టంలో మా ఆకుసారంతో చేర్చి అరగంట వెచ్చగా ఉంచేవాళ్లం. తర్వాత గుడ్డు పచ్చసొన కలిపి గడ్డకట్టించిన పళ్లెంలో ఒక చుక్క వేసేవాళ్లం. విషానికి బలముంటే చుక్క చుట్టూ సొన కరిగి తేటగా మచ్చ పడుతుంది. మచ్చ పడకపోతే ఆకు గెలిచినట్టు. నేను నెలల తరబడి మచ్చలు కొలిచాను. ఉత్తరేణి ఓడింది, జిల్లేడు ఓడింది. ఒకరోజు ఈశ్వరి వేరు సారం కలిపిన గొట్టంలోంచి చుక్క వేస్తే, మధ్యాహ్నం దాటినా మచ్చ పడలేదు. మళ్లీ చేశాను, పడలేదు. నేను పళ్లెం పట్టుకుని పెద్దసార్ గదిలోకి పరిగెత్తిన తీరు చూసి ల్యాబులో అందరూ నిప్పంటుకుందనుకున్నారట. ఆయన పళ్లెం కేసి చూసి, "బావుంది, ఇంకో పదిసార్లు చెయ్యమ్మా" అన్నారు. ఈయనకు బొత్తిగా ఉత్సాహం లేదు, పాపం పెద్దవారైపోయారు అనుకున్నాను. (ఆయన వయసు అప్పుడు నలభై మూడు. నాకు ఇంకో ఆరేళ్లలో వచ్చే వయసు.)

ఆ వేరు మాకు ఇచ్చేది ఆకులవ్వ. శామీర్‌పేట నుంచి కీసర వైపు వెళ్లే దారిలో లోపలికి మళ్లితే, రాళ్లు పేర్చిన పాత గోడ ఒకటి, దాని పక్కన రెండు గదుల ఇల్లు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి పురుగు ముట్టినా మొదట అవ్వ గుమ్మం తొక్కేవాళ్లని, నలభై ఏళ్లుగా ఆమె చేతి వేరు తిని బతికినవాళ్లు ఊరికొకరున్నారని పేరు. నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్లింది మా జీపు డ్రైవరన్న. ఆయన అత్వెల్లి మనిషి. ఆదివారం చర్చిలో పాటలన్నీ ఆయనవే, మిగతా ఆరు రోజులూ జీపులో. గేరు పడితే స్తోత్రం, సిగ్నల్ దాటితే స్తోత్రం, పంక్చరైనా స్తోత్రమే. అందుకని ల్యాబులో అందరం ఆయన్ని స్తోత్రమన్న అనేవాళ్లం. పళ్లెంలో మచ్చ పడని సంగతి పెద్దసార్ తర్వాత నేను చెప్పింది ఆయనకే, ఆ తర్వాత అవ్వకు. "అవ్వా, నీ వేరు మా దగ్గర గెలిచింది! విషం ఆగిపోయింది!" అంటే ఆమె పొయ్యి ఊదుకుంటూ, "గట్లనా బిడ్డా" అని ఊరుకుంది. ఎంత అణకువో అని మురిసిపోయాను. అణకువ కాదని తర్వాత తెలిసింది.

ఇక్కడ నా దురలవాటు ఒకటి చెప్పాలి. పొడపత్రి అని ఒక తీగ ఉంది, మా జాబితాలో అదీ ఒకటి. ఆ తీగలాంటివే ఆ చుట్టుపక్కల ఇంకో నాలుగు ఉంటాయి. ఏది అసలుదో తేలాలంటే కొమ్మ ఆరబెట్టి, కాగితాల మధ్య అదిమి, ఊళ్లోని వృక్షశాస్త్రం సారుకు పంపాలి. వారం పడుతుంది. నాకు అంత ఓపిక లేదు. పొడపత్రి ఆకులు రెండు బాగా నమిలి ఉమ్మేసి, నాలుక మీద చక్కెర వేసుకుంటే చక్కెర ఇసుకలా ఉంటుంది. ఆకులోని పదార్థమేదో తీపిని నాలుకకు తెలియనివ్వదు, చేదూ పులుపూ మాత్రం మామూలుగానే తెలుస్తాయి. అరగంటో గంటో గడిచాక తీపి తిరిగొస్తుంది. ఇంత సులువు పరీక్ష ఉండగా వారం ఆగడమేమిటని, నా సంచీలో ఎప్పుడూ ఒక చిన్న చక్కెర పొట్లం పెట్టుకుని తిరిగేదాన్ని. ఒకసారి స్తోత్రమన్నకు కూడా నమిలించాను. ఆయన ఆ రోజు మూడు చాయ్‌లు వృథా చేసుకుని, "ఏంది మేడమ్, దేవుడిచ్చిన నాలికెను ఖరాబ్ జేసినవ్" అని చిన్నబుచ్చుకున్నాడు.

ఆ రోజు తొలి వానలు పడి నాలుగు రోజులైంది. పొద్దున పదకొండు గంటలప్పుడు అవ్వ ఇంటికి వెళ్లాం. అవ్వ లోపల ఏదో దంచుతోంది. గోడ మీద పొడపత్రి లేత చిగుళ్లతో పాకి ఉంది. "అన్నా, నువ్వూ నములుతావా?" అన్నాను. "నేనొద్దు మేడమ్, నేనింక చాయ్ తాగలే" అని స్తోత్రమన్న జీపు దగ్గరికి జరిగాడు. నేను రెండాకులు నమిలి ఉమ్మేసి, ఎడమచేత్తో సంచీలోంచి చక్కెర పొట్లం తీశాను. సరిగ్గా అప్పుడే గోడ అడుగున, రాళ్ల సందులో, సుగంధిపాల తీగ కనిపించింది. నెల రోజులుగా వెతుకుతున్న తీగ! పొట్లం సంగతి మరిచిపోయి వంగి, కుడిచెయ్యి రాళ్ల సందులో పెట్టి వేరు కోసం తడిమాను. చూపుడువేలికి చురుక్కుమంది. చెయ్యి లాగేసరికి, నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లున్న సన్నని తోక ఒకటి నింపాదిగా రాళ్లలోకి వెళ్లిపోయింది.

చదువు లేనివాళ్లకు ఇలాంటప్పుడు ఒకటే భయం. చదువుకున్నవాళ్లకు పుస్తకమంతా భయమే. కట్లున్నాయి కాబట్టి కట్లపాము. వేలికి రెండు చిన్న చుక్కలు, వాపు లేదు, నొప్పి కూడా పెద్దగా లేదు. హమ్మయ్య అనుకోవాలి కదా, అనుకోలేదు. కట్లపాము కాటుకు నొప్పి ఉండదని నేనే ఒక వ్యాసంలో రాశాను! నొప్పి లేకపోవడమే రుజువు. ముందు కనురెప్పలు వాలతాయి, తర్వాత నాలుక మొద్దుబారుతుంది, ఆ తర్వాత ఊపిరి. వరస కూడా నోటికి వచ్చు. నేను కేక పెట్టానని స్తోత్రమన్న అంటాడు. నాకు గుర్తున్నంతవరకు చాలా శాంతంగా "అన్నా, పాము" అన్నాను.

అవ్వ రోకలి పడేసి వచ్చింది. "ఏడ కరిసింది? సూడనీ. చెయ్యి కదపకు, కూసో" అంటూనే వేపకొమ్మ విరిచి నాలుగాకులు నా నోట్లో కుక్కింది. అది అక్కడి ఆనవాయితీ. వేపాకు చేదు తెలిస్తే విషమెక్కనట్టు, చేదు తెలియకపోతే ఎక్కినట్టు. నేను నమిలాను. ప్రాణం లేచొచ్చేంత చేదు. "చేదుంది! అవ్వా, చేదుంది!" అని అంత ఆనందంగా వేపాకు మెచ్చుకున్నవాళ్లు మరొకరుండరు. అవ్వ తలూపింది గానీ నమ్మినట్టు లేదు. తువ్వాలతో నా చేతిని ఛాతీకి వదులుగా కట్టింది. "గట్టిగా బిగించవా?" అంటే, "బిగిస్తే చెయ్యి సస్తది. దవాఖాన నర్సమ్మ సెప్పింది" అంది. పామేదని అడిగితే, "నేను సూడలే. సూడనిదానికి మాటియ్య. ఇగ లెవ్, బండెక్కు" అంది. ఈలోగా స్తోత్రమన్న డాక్టర్లకు చూపించడానికని పామును ఫోన్‌లో ఫోటో తీశానన్నాడు. తర్వాత చూస్తే అందులో గోడ ఉంది, ఆయన బొటనవేలు ఉంది, పాము లేదు.

అవ్వ కూడా జీపెక్కింది. మట్టిదారి దాటి తారురోడ్డు మీదకు వచ్చాక కొంగు ముడి విప్పి, "ధైర్యానికి గింత నోట్ల ఏస్కో" అని బెల్లంముక్క పెట్టింది. చప్పరించాను. మన్ను. మళ్లీ చప్పరించాను. గోడ సున్నం నాకినట్టుంది. "అవ్వా, తీపి తెలియడం లేదు" అన్నాను. "మంచిగ సప్పరించు." "చప్పరించాను అవ్వా, బొత్తిగా లేదు!" అవ్వ కొంగులోంచి ఇంకో ముక్క తీసి తన నోట్లో వేసుకుంది. తన నాలుకకు తీపి తగిలినట్టుంది. నలభై ఏళ్లలో చేదు పోయినవాళ్లను చూసిందేమో గానీ, చేదు ఉండి తీపి పోయినవాళ్లను చూడలేదామె. ఆ ముసలి ముఖంలో రంగు మారడం చూశాక నా ఆశ పూర్తిగా వదిలేసుకున్నాను. నాలుక దాకా వచ్చిందంటే ఇక మిగిలింది ఊపిరే. జీపు అద్దంలోకి వంగి కనురెప్పలు చూసుకున్నాను. ఎడమది కాస్త వాలినట్టే ఉంది. (అది పుట్టినప్పటి నుంచీ అంతే. పదో తరగతి హాల్ టికెట్ ఫోటోలో కూడా వాలే ఉంటుంది.)

స్తోత్రమన్న పాట అందుకున్నాడు. మామూలుగా అయితే ఎడ్లబండి వేగం ఆయనది. ఆ రోజు పాట ఎంత పైకి పోతే జీపు అంత వేగం పోయింది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. అమ్మ. అవ్వ ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. "ఏవే, భోంచేశావా?" అంది అమ్మ. లేదన్నాను. "ఎండన పడి తిరక్కు. ఇదిగో, సాయంత్రం వచ్చేటప్పుడు కరివేపాకు మర్చిపోకేం, నాన్నగారికి పచ్చిపులుసు పెడదామని." అప్పుడు చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. అబద్ధం చెప్పాను అమ్మా, మొక్కలు కాదు అమ్మా, పాములు. ఇంకా, పొద్దున నువ్వు పెట్టిన ఉప్మా బాగాలేదన్నాను గానీ బాగానే ఉంది. ఒక్కటీ నోట రాలేదు. "సరే అమ్మా, తెస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. చావు భయానికి కాదు, ఆ కరివేపాకు కోసం ఎదురుచూస్తుందేమోనని.

ఏడుపు మధ్యలో బుర్రకు ఆలోచన తట్టింది. వేరు! నా చేతులతో నేనే పదిసార్లు నిరూపించిన వేరు! "అవ్వా, ఈశ్వరి వేరు ఉందా? ఉంటే పెట్టు. నేను చూశాను కదా, పనిచేస్తుంది" అన్నాను. అవ్వ ఒళ్లోనే సంచీ ఉంది, అందులో వేరూ ఉంది. తీసింది. తీసి, నారతో నా మణికట్టుకు కట్టింది. "కట్టడం కాదు, తినిపించు!" "నోట్ల పెట్టకు. చేతికుండనీ." "ఎందుకవ్వా, మా పళ్లెంలో..." అంటుండగా ఆమె నా మాట ఆపింది.

"నువ్వు పళ్లెంల ఏం జూసినవో నాకెరుక లేదు బిడ్డా. నేను జూసింది సెప్త ఇను. నా చేతుల బతికినోళ్లున్నరే, గా అందరు ఇసం లేని పాము కరిసినోళ్లే. నేనియ్యకున్నా బతుకుతుండిరి. ఇసమున్నది కరిసినోడు ఒక్కడే వచ్చిండు. మా తమ్ముడు. గీ వేరే నూరి పోసిన. పోసుకుంట కూసున్న. బండి కట్టున్రి, దవాఖానకు తీస్కపోదాం అని ఆని పెండ్లాం మొత్తుకుంటాంటె, నా వేరు మీద నమ్మకం లేదా అని దాన్నే తిట్టిన." అవ్వ రోడ్డు కేసి చూస్తోంది. "ఇగ అప్పటిసంది ఎవలొచ్చినా ముందు బండెక్కిస్త. వేరు చేతికి కడ్త. భయం పోనీకి, గంతే."

స్తోత్రమన్న పాట ఎప్పుడో ఆగిపోయింది. అప్పుడు నాకు మొట్టమొదటిసారి నా గాజు గొట్టం సరిగ్గా కనిపించింది. మేం విషాన్నీ వేరుసారాన్నీ ముందే కలిపి అరగంట వెచ్చగా నానబెట్టి, ఆ తర్వాతే కదా చుక్క వేసేది! ఏ పాము మాత్రం తన విషాన్ని మా కషాయంలో అరగంట నానబెట్టుకుని వచ్చి కరుస్తుంది? ముందు విషం ఎక్కుతుంది, తర్వాత ఎప్పుడో ఆకు వస్తుంది. ఇంత చిన్న సంగతి ఇన్ని నెలల్లో నాకు తట్టలేదు. అక్షరం రాని అవ్వ తమ్ముణ్ణి పోగొట్టుకుని నేర్చుకుంది. నేను చచ్చిపోతూ నేర్చుకుంటున్నానని ఎంతో బాధేసింది. మరీ సిగ్గేసింది కూడా.

సర్కారు దవాఖానలో డ్యూటీలో ఉన్నది నాకంటే రెండు మూడేళ్లు పెద్దదైన డాక్టరమ్మ. వేలు చూసింది, రెప్పలు ఎత్తి చూసింది, పైకి చూడమంది, ఒకే ఊపిరితో అంకెలు లెక్కపెట్టమంది. నేను నలభై దాకా వెళ్లాను. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, గడ్డకడుతుందో లేదో చూడటానికి పక్కన నిలబెట్టింది. "పాము విషానికి మందు ఇక్కడ ఉంది, అవసరమైతే వెంటనే ఎక్కిస్తాం, భయపడకండి. ఏమైనా తేడా అనిపిస్తోందా?" అంది. "నాలుక పోయిందండీ" అన్నాను. "మాట బాగానే వస్తోందే?" "మాట కాదు, తీపి. బెల్లం తెలియలేదు. చేదు తెలిసింది." ఆమె కలం ఆపింది. "చూడండి, విషం నరాల మీదికెక్కితే మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. తీపినొక్కదాన్నే ఏరుకుని తీసుకుపోయే పాము ఉన్నట్టు నేను చదవలేదు." అలా అంటూ నా ఎడమచేతి కేసి చూసింది. "ఆ పిడికిలి ఎందుకలా బిగించారు? తెరవండి."

నాకు అప్పటిదాకా ఆ చెయ్యి ఉన్నట్టే గుర్తు లేదు. వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాను. చెమటకు తడిసి ముద్దైన కాగితం పొట్లం.

"అగో!" అని గుమ్మంలోంచి స్తోత్రమన్న కేక పెట్టాడు. "సక్కెర పొట్లం! మేడమ్, గా ఆకు నమిలినవ్ గద! డాక్టరమ్మా, పాము గాదు, ఆకు! గా ఆకు నమిలితె సక్కెర గూడ ఇసుక లెక్కనైతది, నాకు గూడ అయింది, మూడు చాయ్‌లు ఖరాబైనయ్!" డాక్టరమ్మకు ఏమీ అర్థం కాక నా వైపు తిరిగింది. నేను పొడపత్రి సంగతి మొత్తం చెప్పాల్సి వచ్చింది. చెబుతున్నకొద్దీ నా గొంతు సన్నబడిపోయింది. ఆమె నవ్వు ఆపుకోవడానికి రిజిస్టర్‌లో తల దూర్చి చాలాసేపు ఏదో రాసింది. "మీరు ఎక్కడ పనిచేస్తారన్నారు?" అని అడిగింది. చెప్పాను. "ఏం పని?" అది కూడా చెప్పాను. ఈసారి ఆమె వల్ల కాలేదు. పక్కనున్న నర్సమ్మ వల్ల కూడా కాలేదు. అవ్వ మాత్రం నవ్వలేదు, నొసలు కొట్టుకుంది. "పొడపత్రి నమిలితే తీపి సస్తదని మా మనుమరాలికి గూడ ఎరుక. నమిలిన్నని నోరు దెరిసి సెప్తే ఏమాయె బిడ్డా? నా పానం తీస్తివి గద!"

నవ్వులు నవ్వుల దారిన, వైద్యం వైద్యం దారిన. కట్లున్న పాము అన్నాను కాబట్టి మర్నాటి దాకా అక్కడే ఉంచి కనిపెట్టి చూస్తామంది డాక్టరమ్మ. రక్తం బుద్ధిగా గడ్డకట్టింది. నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. స్తోత్రమన్న బయటికి వెళ్లి కాగితం కప్పుల్లో చాయ్ తెచ్చాడు. ఒక గుటక తాగాను. ఏదో ఉంది. అడుగున, ఎక్కడో దూరంగా. రెండో గుటకలో కాస్త దగ్గరికొచ్చింది. మూడో గుటకకు తీపి, నిజం తీపి, పాకంలాంటి దవాఖాన చాయ్ తీపి నాలుకంతా పరుచుకుంది. నేను కప్పు రెండు చేతులా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. "ఏమైంది మేడమ్?" అని స్తోత్రమన్న కంగారుపడ్డాడు. "తియ్యగా ఉందన్నా" అన్నాను. ఆయన టోపీ తీసి, మెల్లగా "స్తోత్రం" అన్నాడు. ఆ ఒక్కసారి మాత్రం నేనూ అన్నాను.

స్తోత్రమన్న ఫోన్ చేస్తే అమ్మానాన్నలు వచ్చారు. అమ్మ మొదట నన్ను కావలించుకుంది, తర్వాత తిట్టింది, మళ్లీ కావలించుకుంది. "మొక్కలన్నావు కదే! కరివేపాకు తెమ్మంటే పురుగుతో కరిపించుకొచ్చావా!" ఆ తర్వాత అవ్వ రెండు చేతులూ పట్టుకుని, "నా పిల్లకు ఆకూ వేరూ తినిపించకుండా తీసుకొచ్చావు, నీ రుణం తీరదమ్మా" అంది. ఆకులవ్వకు అలాంటి మెప్పు అదే మొదటిదేమో, కొంగుతో ముఖం తుడుచుకుంది. మర్నాడు పొద్దున నా రెప్పలు, ఊపిరి, నాలుక అన్నీ యథాస్థానంలో ఉండటంతో పంపించేశారు. వారం తర్వాత వెళితే అవ్వ నన్ను గోడ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురు తగ్గాక రాళ్ల మీదకొచ్చిన ఆ తోకను చూపించింది. "గిదేనా నీ కట్లపాము? మూడేండ్ల సంది మా గోడల ఉంటాంది. బల్లుల తింటది. పాపం, నీ చేతిని సూసి బల్లి అనుకున్నదేమో." కట్లపాములాగే కట్లుంటాయి గానీ విషం లేని పాము అది. దాని బొమ్మ నా పుస్తకంలోనూ ఉంది, పక్క పేజీలో.

ల్యాబుకు వెళ్లిన మొదటి రోజే వరస మార్చి చేశాను. ముందు విషం చుక్క, తర్వాత వేరుసారం. గంట తిరక్కుండా పళ్లెంలో రూపాయి బిళ్లంత మచ్చ పడింది. పెద్దసార్‌కు చూపించాను. ఆయన చూసి, "ఇదీ రాయి. ముందు రాసినదాని పక్కనే రాయి" అన్నారు. తర్వాత ఆకుల్లోని పదార్థాల గురించి నేను చాలానే రాశాను. వాటిలో కొన్ని మంచివే, ఎప్పుడో ఏదో పుండుకో వాపుకో పనికొస్తాయి కూడా. కానీ రాసిన ప్రతి కాగితం చివరా ఒకటే వాక్యం పెట్టేదాన్ని. పాము కరిస్తే ముందు ఆసుపత్రికి వెళ్లాలని. కాగితాలు దిద్దేవాళ్లు ఇది పరిశోధన వాక్యం కాదని కొట్టేసేవాళ్లు. మళ్లీ రాసేదాన్ని.

ఇప్పుడు ఆ రాళ్ల గోడ లేదు. దాని చోట ప్లాట్లు వేసి రంగురాళ్లు పాతారు. బల్లులు తినే పాము ఎటు పోయిందో తెలియదు. అవ్వ పోయి ఐదేళ్లు. ఆమె కట్టిన వేరు నా బల్ల సొరుగులో ఉంది, ఏ పరీక్షకూ వాడలేదు. భయం పోవడానికి మాత్రం అప్పుడప్పుడు పట్టుకుంటాను. పోయిన ఏడాది నాకు షుగరు అంచు మీద ఉందని డాక్టరు చెప్పాడు. అమ్మ వెంటనే ఎక్కడి నుంచో పొడపత్రి పొడి డబ్బా తెప్పించి, "నీ మొక్కల మందేనే, వేసుకో" అంది. వేసుకుంటున్నాను. కానీ నెలకొకసారి శామీర్‌పేట దారిలో పనిబడి వెళ్లినప్పుడు, అమ్మకు చెప్పకుండా, ఆ దవాఖాన ఎదుటి కొట్టులో ఒక చాయ్ తాగుతాను, చక్కెర తగ్గించమనకుండా. కప్పు పట్టుకుని అటు చూస్తే వరండాలో బెంచీ కనిపిస్తుంది. చాయ్ తియ్యగా ఉందని ఏడుస్తున్న ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చుని, ఏం కాదులేవే, బతికే ఉంటావు అని చెప్పి రావాలనిపిస్తుంది. తర్వాత కప్పు పడేసి, దారిలో కరివేపాకు కొనుక్కుని ఇంటికి పోతాను.